చెయ్యి పడిన చోటే వెతుకు

షెడ్డుకు పోయిన బండి బాగుపడి రావాలి. పాత పెట్రోలు కార్ల విషయంలో ఒక్కోసారి ఇది తలకిందులవుతుంది. నిన్నటిదాకా ఏదో నడుస్తున్న అంబాసిడర్‌కు కొత్త ప్లగ్గులు, కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్ వేయిస్తారు, టైమింగ్ పెట్టిస్తారు. ఊరు దాటకముందే ఇంజన్ తడబడుతుంది. ‘అన్నా, మిస్సు కొడతా వుండాది’ అంటూ డ్రైవరు బండి వెనక్కి తిప్పుకొస్తాడు. చేతి డబ్బూ పోయింది, బండీ చెడింది. అలాంటప్పుడు తలపండిన మేస్త్రి దేని తరవాత దేన్ని చూస్తాడు? ఎందుకలా చూస్తాడు?

పాత మేస్త్రులను పొగిడేవాళ్లు వాళ్ల చెవిని పొగుడుతారు. శబ్దం విని జబ్బు చెప్పేవాడని కథలు చెప్తారు. చెవి పదునుగా ఉండాల్సిందే. కానీ చెవి ఒక్కటే అయితే ఆ విద్య ఆ మనిషితోనే పోయేది. నేర్చుకోదగ్గది, నేర్పదగ్గది ఆయన వెతికే వరస.

రెండు నగరాల నడిమి ఊరు

ఆ వరసను పాకాల చుట్టుపక్కల దారుల్లో చూద్దాం. ఆ ఊరి పేరు చెప్తే ముందు రైలు జంక్షన్ గుర్తొస్తుంది. కాట్పాడి నుంచి తిరుపతి వైపు పోయే లైనులోంచి ధర్మవరం లైను ఇక్కడే చీలుతుంది. రోడ్డు లెక్కలోనూ ఇది దారిలో ఉన్న ఊరే. చిత్తూరు నుంచి పూతలపట్టు మీదుగా చంద్రగిరి, తిరుపతి పోయే బండ్లు ఇటుగా పోతాయి. పక్కనే దామలచెరువు మామిడి మండీ. కాణిపాకంలో వినాయకుణ్ణి చూసుకుని తిరుమల కొండకు పోయే యాత్రికులు సరేసరి. 2022లో జిల్లాలు విడిపోయాక పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ, కాణిపాకానికీ కొండకూ మధ్య దాని చోటు మారలేదు.

ఈ దారుల్లో దశాబ్దాలపాటు తిరిగినవి ముఖ్యంగా రెండు కార్లు. ఒకటి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దాని మాతృక. ఎక్కువ కాలం నడిచిన దాని పెట్రోలు ఇంజన్ 1,489 సీసీలది. రెండోది బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసిన ఫియట్. తరవాత దాని పేరు పద్మిని అయినా జనం నోట ఫియట్‌గానే మిగిలింది. ఇంజన్ 1,089 సీసీలు. అక్కడక్కడా మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డులూ కనిపించేవి. విడి సామాను విషయంలో ఈ ప్రాంతానికి ఒక అనుకూలం ఉంది. కాయిళ్లు, డిస్ట్రిబ్యూటర్లు చేసే లూకాస్ టీవీఎస్ మద్రాసు పాడిలో ఉంది. స్పార్క్ ప్లగ్గులు చేసే మైకో 1951లో బెంగళూరులో పుట్టింది. పాకాల ఈ రెండు నగరాలకూ మధ్యలో ఉంది.

ట్యూనింగ్‌కు అసలు పరీక్ష పెట్టేవి మాత్రం ఇక్కడి కొండదారులు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకుని 1944లో తెరుచుకుంది; రెండోది 1974లో వచ్చింది. కొండ మీద ఊరు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఇవి కాక పీలేరు, మదనపల్లె వైపు పోతే భాకరాపేట ఘాట్, చిత్తూరు నుంచి పలమనేరు పోతే మొగిలి ఘాట్. పల్లం రోడ్డు మీద ఏ లోపమూ చూపించని బండి ఘాట్‌లో సెకండ్ గేరులో, నిండా మనుషులతో, యాక్సిలరేటర్ అదిమి పట్టినప్పుడు మిస్ కొడుతుంది. దీనికి కారణం ఉంది. బరువు లాగేటప్పుడు సిలిండర్లలోకి నిండుగా గాలీ పెట్రోలూ చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు మొన దగ్గర రవ్వ దూకడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి. బలహీనమైన ఇగ్నిషన్ పల్లంలో నెట్టుకొచ్చి ఘాట్‌లో దొరికిపోతుంది. ఈ ప్రాంతపు మేస్త్రి ట్యూనింగ్ చేసి ‘కొండకు పోయొచ్చి చెప్పు’ అన్నాడంటే అందుకే.

రవ్వ పుట్టే తీరు

మిస్సింగ్ వెతకాలంటే రవ్వ ఎలా పుడుతుందో తెలియాలి. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన పద్ధతి 1910లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. అంబాసిడర్, ఫియట్ రెండింటిలోనూ ఉన్నది ఆ పద్ధతే.

బ్యాటరీ నుంచి 12 ఓల్టుల కరెంటు కాయిల్‌లోని లావు తీగచుట్టలోకి పోయి, అక్కడి నుంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గుండా ఎర్త్‌కు చేరుతుంది. పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్‌లో అయస్కాంత శక్తి పోగవుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది క్యామ్ పాయింట్లను విడదీసిన క్షణంలో ఆ శక్తి ఒక్కసారిగా కూలిపోయి, సన్నతీగచుట్టలో వేల ఓల్టులు పుడతాయి. ఆ కరెంటు రోటర్‌కు, రోటర్ నుంచి క్యాప్‌లోని నాలుగు కొమ్ముల్లో ఒకదానికి, అక్కడి నుంచి తీగ వెంట ప్లగ్గుకు పోతుంది. ఇందులో కండెన్సర్ పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ అది లేకపోతే రవ్వ లేనట్టే. పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు వాటి మధ్యనే మంటగా దూకాలని చూస్తుంది. కండెన్సర్ ఆ కరెంటును తనలోకి లాక్కుని పాయింట్లను కాపాడుతుంది, కాయిల్‌లో శక్తి చప్పున కూలేలా చేస్తుంది.

ఇదంతా ఎంత వేగంతో జరుగుతుందో చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 రవ్వలు కావాలి. అంటే పాయింట్లు సెకనుకు 100 సార్లు మూసుకుని తెరుచుకోవాలి. వాటి మధ్య ఎడం లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో అంగుళంలో వెయ్యోవంతు లెక్కన 14 నుంచి 16, అంటే మిల్లీమీటరులో సగం కూడా లేదు. అంత చిన్న చోట అంత వేగంగా పనిచేసేదాని మీద చెయ్యి పెట్టామంటే ఏదో ఒకటి తేడా రావడం వింత కాదు.

ట్యూనింగ్‌లో వరస

మంచి మేస్త్రి ముందు టాపెట్లు (వాల్వుల గ్యాప్) చూస్తాడు, తరవాత ప్లగ్గులు, తరవాత పాయింట్లు, తరవాత టైమింగ్ (రవ్వ పడే సమయం), చివరికి కార్బరేటర్. వెనక చేసే పని ముందు చేసినదాని మీద ఆధారపడుతుంది కాబట్టి ఈ వరసను తిరగేయడు. పాయింట్ల గ్యాప్ పెరిగితే అవి ముందే విడిపోతాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. గ్యాప్ తగ్గితే ఆలస్యంగా విడిపోతాయి, రిటార్డ్ అవుతుంది. అందుకే గ్యాప్ పెట్టాకే టైమింగ్. టైమింగ్ పెట్టి, ‘గ్యాప్ కాస్త సర్దుదాం’ అని మళ్లీ పాయింట్లు ముట్టుకుంటే టైమింగ్ చెడినట్టే.

ఫీలర్ గేజ్ లేని షెడ్డుల్లోనూ పని ఆగలేదు. ప్లగ్గు గ్యాప్‌కు హ్యాక్సా బ్లేడు ముక్క వాడేవాళ్లు. దాని మందం సుమారు 0.65 మిల్లీమీటర్లు, ఈ ఇంజన్ల ప్లగ్గు గ్యాప్ 0.025 అంగుళం, అంటే దాదాపు అంతే. ఆ బ్లేడు ఊరికే దొరికిన ముక్క కాదు, కుదిరిన కొలత.

టైమింగ్ పెట్టడానికి స్ట్రోబ్ లైటు లేకపోయినా పన్నెండు ఓల్టుల బల్బు, రెండు తీగలు చాలు. రేడియేటర్ వైపు నుంచి లెక్కేస్తే మొదటిది ఒకటో సిలిండర్. దాని ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంజన్ను చేత్తో తిప్పిస్తారు. గాలి వేలిని తోస్తుందంటే అది కంప్రెషన్ స్ట్రోకు. పుల్లీ మీది గాటును సరైన గుర్తుకు తెచ్చి ఆపుతారు. బల్బు తీగ ఒకటి కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే కొసకు, రెండోది ఎర్త్‌కు. ఇగ్నిషన్ వేసి డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పితే, పాయింట్లు విడిపోయిన చోట బల్బు వెలుగుతుంది. అక్కడ బోల్టు బిగిస్తారు. ఆపైన రోడ్డు మీద టాప్ గేరులో తక్కువ వేగం నుంచి ఒక్కసారిగా రేజ్ చేసి చూస్తారు. క్షణంపాటు సన్నగా నాకింగ్ వినిపించి ఆగిపోతే సరిపోయినట్టు. ఎంతకీ ఆగకపోతే అడ్వాన్స్ ఎక్కువైంది. అసలు వినిపించకుండా బండి బరువుగా లాగుతుంటే రిటార్డ్ అయింది. చెవి పనికొచ్చేది ఇక్కడ, బల్బు కొలిచి పెట్టినదాన్ని చివరగా సరిచూసే చోట.

కొత్త సామాను మీద అనుమానం

ట్యూనింగ్ తరవాత మిస్ మొదలైతే కొత్తవాడు కార్బరేటర్ విప్పుతాడు. అనుభవజ్ఞుడు దాని జోలికి పోడు. నిన్న లేని జబ్బు ఇవాళ వచ్చిందంటే నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో అదే మొదటి ముద్దాయి. మారింది మన చెయ్యి పడిన చోటే. ఈ సూత్రం వినడానికి తేలిక, పాటించడానికి కష్టం. కొత్త సామాను మీద మనిషికి నమ్మకం ఎక్కువ, తన చేతి మీద ఇంకా ఎక్కువ.

ముందు ప్లగ్గు తీగల వరస. ఈ ఇంజన్లలో రవ్వ పడే క్రమం 1-3-4-2. అంబాసిడర్ లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో రోటర్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తీగలు పెట్టేవాడు గడియారం దిశలో 1-3-4-2 పెట్టాడనుకోండి. ఒకటి, నాలుగు క్యాప్‌లో ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి వాటి చోట్లలోనే ఉంటాయి. రెండు, మూడు మాత్రం తారుమారవుతాయి. ఇంజన్ రెండు సిలిండర్ల మీద నడుస్తుంది, మధ్యమధ్య కార్బరేటర్‌లోకి ఫైర్ కొడుతుంది. బండి పూర్తిగా ఆగిపోదు కాబట్టి తీగల మీదికి అనుమానం పోదు. సగం బలంతో చక్కగా క్రమం తప్పకుండా నడుస్తున్న ఇంజన్‌ను చూస్తే ముందు ఈ లెక్క వేయాలి.

తరవాత పాయింట్ల బిగింపు. పాత రకం సెట్‌లో స్ప్రింగ్, కాయిల్ తీగ, కండెన్సర్ తీగ మూడూ ఒకదానికొకటి తగలాలి. నిలువు మరకు మాత్రం తగలకూడదు. మధ్యలో ఉండే చిన్న ఫైబర్ వాషర్ పైది కిందికి, కిందిది పైకి మారితే మొత్తం ఎర్త్ అయిపోతుంది, రవ్వే రాదు. వాషర్ సరిగానే ఉన్నా తీగ కొస పక్కకు తిరిగి డిస్ట్రిబ్యూటర్ గిన్నెకు తగులుతుంటే మరీ మోసం. గతుకు వచ్చినప్పుడల్లా తగిలి మిస్ కొడుతుంది, షెడ్డులో నిలబెట్టి చూస్తే ఏమీ ఉండదు.

డిస్ట్రిబ్యూటర్ లోపలి మెత్తటి తీగ ఇంకో దొంగ. ఇంజన్ పీల్పుతో టైమింగ్‌ను సర్దే వాక్యూమ్ డబ్బా లాగినప్పుడల్లా పాయింట్ల పళ్లెం కొద్దిగా తిరుగుతుంది. ఆ కదలికకు ఓర్చుకోవాలని ఈ తీగను సన్నటి పోగులతో చేస్తారు. ఏళ్ల తరవాత పైతొడుగు బాగానే ఉండి లోపల పోగులు తెగిపోతాయి. పాయింట్లు మార్చేటప్పుడు ఆ తీగను పక్కకు వంచడంతో మిగిలిన ఒకటి రెండు పోగులూ తెగుతాయి. వేళ్లతో మెల్లగా లాగితే తొడుగు సాగుతుంది. సాగిందంటే లోపల రాగి లేదన్నమాట. పళ్లేన్ని ఎర్త్‌కు కలిపే చిన్న తీగకూ ఇదే కథ. వాక్యూమ్ గొట్టం ఊడదీసి దాని నోరు మూసి చూడమంటారు మేస్త్రులు. పళ్లెం కదలడం ఆగగానే మిస్ ఆగిందంటే ఈ రెండు తీగల్లో ఒకటి దోషి.

కొత్త పాయింట్ల మొహాల మీద తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. దాన్ని తుడవకుండా బిగిస్తే కరెంటు సరిగా పారదు, పూత కాలి నల్లబడుతుంది. శుభ్రమైన గుడ్డకు కాస్త పెట్రోలు అద్ది తుడిస్తే చాలు. ఎమరీ పేపరుతో గట్టిగా రుద్దితే ఆ పొడి రేణువులు పాయింట్లలో గుచ్చుకుని ఉండిపోతాయి. క్యామ్ మీద పూసే గ్రీజుదీ సున్నితమైన లెక్క. లేకపోతే పాయింటు మడమ వారంలో అరిగి గ్యాప్ మూసుకుపోతుంది, టైమింగ్ రిటార్డ్ అవుతుంది. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది. అగ్గిపుల్ల కొనతో అద్దినంత ఉండాలి.

కండెన్సర్ సంగతి వేరు. ఒకప్పుడు కండెన్సర్ మీద చివరికి గానీ అనుమానం పోయేది కాదు. ఇప్పుడు పాత బండ్ల మేస్త్రులు దాన్నే ముందు పట్టుకుంటున్నారు. కంపెనీ సరుకు అరుదై, డబ్బా మీద పేరు చూసి నమ్మలేని సామాను వస్తోంది. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, ఇంజన్ వేడెక్కాక చేతులెత్తేస్తుంది. పాయింట్ల మధ్య పెద్ద నీలిమంట కనిపిస్తే దానిదే తప్పు. కొన్నాళ్లు వాడాక ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద మొటిమ లేస్తే కండెన్సర్ కొలత ఈ కాయిల్‌కు నప్పలేదని అర్థం.

మిగిలినవి రోటర్, క్యాప్, తీగలు, ప్లగ్గులు. రోటర్ ఇత్తడి బిళ్ల కింద రివెట్ ఇరుసుకు దగ్గరైతే కరెంటు కొమ్ముకు పోకుండా ఇరుసులోకి దిగిపోతుంది. కాయిల్ లావు తీగను రోటర్ బిళ్లకు కొద్ది దూరంలో పట్టి పాయింట్లు విడదీసినప్పుడు రవ్వ దూకిందంటే రోటర్ పారేయాల్సిందే. క్యాప్ లోపల పెన్సిలు గీతలాంటి నల్లచార ఉంటే అది కరెంటు వేసుకున్న దొంగదారి. నడిమి కార్బన్ మొన లోపలే ఇరుక్కుపోయిందేమో వేలితో నొక్కి చూడాలి. పాత క్యాపుల్లో తీగను లోపలి మర గుచ్చి పట్టుకుంటుంది. అది రాగి తీగ కోసం చేసిన ఏర్పాటు. కార్బన్ పోగు తీగ కొనితెచ్చి అందులో దూరిస్తే మర దాన్ని సరిగా పట్టదు. చేయి జారి కింద పడిన ప్లగ్గు గ్యాప్ మూసుకుపోయి ఉండొచ్చు, పింగాణీ వెంట్రుకంత చీలి ఉండొచ్చు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడిపిస్తే తీగల చుట్టూ, క్యాప్ చుట్టూ కారిపోయే రవ్వలు కంటికే కనిపిస్తాయి.

కాయిల్ తీగలు అటూ ఇటూ మారినా బండి నడుస్తుంది. రవ్వ దూకాల్సిన దిశ తిరగబడి ఎక్కువ ఓల్టేజీ అడుగుతుంది కాబట్టి ఆ తప్పు ఘాట్‌లోనే బయటపడుతుంది. దీనికొక పాత పరీక్ష ఉంది. తీగకూ ప్లగ్గుకూ మధ్య పెన్సిలు మొన పట్టి రవ్వను చూస్తారు. మంట పెన్సిలుకూ ప్లగ్గుకూ మధ్య ఎగిస్తే సరైన దిశ. తీగ వైపు ఎగిస్తే కాయిల్ తీగలు మార్చాలి.

ఏ సిలిండర్? ఎప్పుడు?

చెయ్యి పడిన చోట్లన్నీ చూసినా మిస్ పోకపోతే రెండు ప్రశ్నలు మిగులుతాయి. మిస్ ఒకే సిలిండర్‌దా, అన్నింటిదా? ఏ స్థితిలో వస్తోంది?

మొదటిదానికి జవాబు సులువు. స్లో స్పీడులో ఇంజన్ నడిపిస్తూ ఒక్కో ప్లగ్గు తీగను పొడిగుడ్డతో పట్టి ఊడదీస్తారు. తీయగానే ఇంజన్ కుంగిందంటే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏ మార్పూ లేకపోతే అదే చచ్చిన సిలిండర్. దాని ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చి చూస్తారు. జబ్బు ప్లగ్గు వెంట పోయిందా, దోషి ప్లగ్గు. అక్కడే ఉండిపోయిందా, తరవాత తీగ మార్చాలి. ఈ తీగ ఊడదీసే పరీక్ష పాయింట్ల బండ్లకే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవాటి మీద చేస్తే దెబ్బ తగులుతుంది, సామానూ పాడవుతుంది. సైలెన్సర్ వెనక నోటు పట్టి చూడటం ఇంకో పద్ధతి. బాగున్న ఇంజన్ నోటును ఒకే తీరున బయటికి తోస్తుంది. మధ్యమధ్య ఆగి తోస్తే మిస్. నోటు లోపలికి లాగినట్టు కొట్టుకుంటే వాల్వు కాలిందేమో చూడాలి.

ఒకే సిలిండర్ చచ్చిన ఇంజన్ నడక ఒక కాలు కుంటే ఎద్దు నడకలా ఉంటుంది. కుంటుతుంది గానీ ఆ కుంటడంలో ఒక లయ ఉంటుంది. అలాంటిదానికి ప్లగ్గు, తీగ, క్యాప్ కొమ్ము, వాల్వు కారణం. లయ లేకుండా ఎక్కడపడితే అక్కడ తడబడితే నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నవే దోషులు: కాయిల్, కండెన్సర్, పాయింట్లు, రోటర్, పెట్రోలు.

రెండో ప్రశ్న ఇంకా లోతుకు తీసుకుపోతుంది. స్లోలో మాత్రమే మిస్ అయితే టాపెట్ బిగుసుకుందేమో, మానిఫోల్డ్ దగ్గర గాలి దొంగతనంగా దూరుతోందేమో చూడాలి. వేగంలో మాత్రమే అయితే పాయింట్ల గ్యాప్ ఎక్కువై అవి మూసుకుని ఉండే సమయం తగ్గింది; కాయిల్ నిండకముందే తెరుచుకుంటున్నాయి. లేదా పాయింటు స్ప్రింగ్ బలం తగ్గింది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే అయితే ప్లగ్గు గ్యాప్, క్యాప్ చీలిక, కాయిల్ దిశ. బాగా వేడెక్కాక మాత్రమే అయితే కాయిల్, కండెన్సర్. చల్లారాక మామూలుగా స్టార్టయ్యే బండి అయితే, ఆగిన వెంటనే కాయిల్ మరీ కాలుతోందేమో చెయ్యి పెట్టి చూస్తారు.

తీసిన ప్లగ్గు మొన కూడా సాక్ష్యమే. కాఫీపొడి రంగులో ఉంటే మంట సరిగా ఉంది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ. నూనెతో తడిసి ఉంటే రింగులో, వాల్వు గైడో అరిగింది; అది ట్యూనింగ్‌తో పోయే జబ్బు కాదు.

కరెంటు వేషం కట్టిన జబ్బులు

ఇగ్నిషన్ అంతా సరిగా ఉండి మిస్ పోని బండ్లూ ఉంటాయి. అంబాసిడర్‌కు ముందు నుంచి దూర్చి తిప్పే హ్యాండిల్ ఇక్కడ పనికొస్తుంది. ఇగ్నిషన్ ఆపి మెల్లగా తిప్పితే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అరచేతికి తెలుస్తుంది. ఒకటి వదులుగా తగిలితే వాల్వు సంగతి చూడాలి. స్టార్ట్ చేయడానికి హ్యాండిల్ కొట్టేటప్పుడు మాత్రం బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. హ్యాండిల్ ఎదురు తన్నితే చుట్టిన బొటనవేలు విరుగుతుంది. మేస్త్రులు శిష్యులకు మొదటిరోజే చెప్పే మాట ఇది.

ఎండాకాలం ఈ జిల్లాల్లో పెట్రోలు పంపుదీ ఒక తంతు. ఇంజన్ వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరై, బండి మిస్ కొట్టి ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ కదులుతుంది. ఇగ్నిషన్ చెడిందని ఘాట్‌లో డిస్ట్రిబ్యూటర్ విప్పుకూర్చున్నవాళ్లకు ఆ తడిగుడ్డ విలువ తెలుసు.

పెట్రోలే మారింది కూడా. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటును సీసం కొంత కాపాడేది. అది లేక ఆ చోటు అరిగితే టాపెట్ గ్యాప్ తగ్గుతూ పోతుంది, చివరికి వాల్వు మూసుకోదు. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి చాలు. పాత కార్బరేటర్ జెట్టు ఆ సంగతి ఎరగదు, ఎప్పటి లెక్కనే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది. రబ్బరు గొట్టాలు, పంపు పొర ఉబ్బి చెడతాయి. నలభై ఏళ్ల కిందటి మేస్త్రికి ఈ జబ్బు తెలియదు. కానీ ‘నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది’ అని అడిగేవాడు దీన్నీ పట్టుకోగలడు.

ఈ విద్య విలువ

ఈ సంప్రదాయంలో లోపాలు లేకపోలేదు. బల్బు పెట్టే ఓపిక లేక డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి, ఇంజన్ స్పీడు పెరిగిన చోట బిగించేసినవాళ్లు ఎందరో. స్లోలో బాగా వినిపించిన చోటు ఘాట్‌లో నాకింగ్ తెస్తుంది, పిస్టన్లను తింటుంది. ఏ బండికి ఏం చేశారో రాసిపెట్టుకునే అలవాటు తక్కువ. శిష్యుడు చూసి నేర్చుకోవాల్సిందే తప్ప ఎందుకు అని అడిగితే విసుక్కునే గురువులూ ఉన్నారు. 1980ల నుంచి డీజిల్ అంబాసిడర్లు పెరిగి టాక్సీలన్నీ అటు మళ్లాయి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గూ లేదు, పాయింటూ లేదు. ఆ తరం శిష్యులకు ఈ పని చేతికి రాలేదు.

అయినా ఇందులోని సారం చెడలేదు. ముందు మారినదాన్ని చూడు. ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చిన ప్రతిసారీ నడిపి చూడు. సులువుగా తేలేదాన్ని కష్టమైనదానికి ముందు తేల్చు. కొత్తదాన్ని కొత్తదని నమ్మకు. ఐదూ పాటించినవాడు చెవి కాస్త మందమైనా జబ్బు కనిపెడతాడు. నాలుగు సామాన్లు ఒకేసారి మార్చినవాడికి బండి బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. రేపు మళ్లీ చెడితే మొదటికే వస్తాడు.

ఇప్పటి కార్లలో కంప్యూటరు మిస్సింగ్‌ను తనే పట్టి పీ0301 అని కోడ్ చూపిస్తుంది. ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని దాని అర్థం. ఎందుకో అది చెప్పదు. కాయిలా, ప్లగ్గా, ఇంజెక్టరా, వాల్వా? తెలివైన మెకానిక్ అప్పుడు ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి మార్చి బండి నడుపుతాడు. కోడ్ పీ0302కు మారితే కాయిల్ దోషి, మారకపోతే కాదు. ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చి చూసిన పాత మేస్త్రి పద్ధతే ఇది. ఇలా తేల్చుకోకుండా కోడ్ చూసి తోచిన సామానల్లా మార్చుకుంటూ పోయేవాడు మాత్రం కార్బరేటర్ విప్పే పాత తొందరపాటుకు వారసుడు.

2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇచ్చి, వాటి నంబర్లలో వీఏ అక్షరాలు పెట్టింది. అసలు రూపంలో ఉన్న బండికి విలువ అని చట్టమే ఒప్పుకున్నట్టు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టుకోవడం తప్పేమీ కాదు. రోజూ తిరిగే బండికి అది మేలు కూడా. కానీ అసలు రూపం కావాలంటే అసలు పనితనమూ కావాలి. ఆ బండ్లున్నవాళ్లు, వాటిని చేసే మేస్త్రులు ఇంకా పనిలో ఉండగానే ఒక్కో బండికీ ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఏ తేదీన ఏ గ్యాప్ పెట్టారు, ఏ సామాను మార్చారు, తరవాత బండి ఎలా నడిచింది అన్నది అందులో రాయాలి. శిష్యుడు ఎందుకు అని అడిగినప్పుడు జవాబు చెప్పాలి.

చివరగా బండి యజమానులకు ఒక మాట. ట్యూనింగ్ చేయించినప్పుడు తీసేసిన కండెన్సర్, పాయింట్లు, రోటర్ అడిగి తీసుకుని ఒక డబ్బాలో వేసి డిక్కీలో పెట్టుకోండి. అరిగినా అవి పనిచేస్తాయని మీకు తెలుసు. కొత్తవి పనిచేస్తాయో లేదో ఇంకా తెలియదు. ఘాట్ మధ్యలో బండి మిస్ కొడితే దోషి కొత్త సామానో కాదో పావుగంటలో తేల్చి చెప్పగలిగేది ఆ డబ్బానే.